కాలువ మట్టితో తీసిన సినిమా

రేపల్లె దగ్గర ఒక పల్లెలో నేను సోషల్ టీచరుగా ఉన్నప్పుడు మా బడిలో కంప్యూటరంటే మూలన గుడ్డ కప్పి ఉంచిన పెట్టె మాత్రమే. అది పాడైతే బాగు చేయించడానికి నిధులు రాలేదు. అందుకని ఒక ఏడు, వేసవి సెలవులకు ముందు, కృష్ణా నది సముద్రంలో కలిసే పాఠాన్ని నా పాత ఫోనుతోనే సినిమాగా తీద్దామన్నాను.

పిల్లలు కాలువ గట్టు మట్టి తెచ్చి పడవ, దాన్ని నడిపే సరంగు, రేవులో ఎదురుచూసే ముసలమ్మ బొమ్మలు చేశారు. ఫోన్ని స్టూలుకు జడ రిబ్బనుతో కట్టాం. బొమ్మను కాస్త జరపడం, ఫొటో తీయడం, మళ్లీ జరపడం. అన్నీ కలిపి ఆడిస్తే పడవ నిజంగానే కదిలింది. పిల్లలు బెంచీలెక్కి అరిచారు.

ముసలమ్మకు గొంతు కావాలి. అందరూ సిగ్గుపడ్డారు. ఏడో తరగతిలో, హాజరు పిలిచినప్పుడు తప్ప నోరు విప్పని ఒక అమ్మాయి లేచింది. ఆమె తల్లి రొయ్యల చెరువుల దగ్గర కూలికి వెళ్లేది.

"నేను చెప్తానండి మేడమ్."

ఫోను దగ్గరికి వంగింది. "పొద్దు గూకాక వస్తావంట్రా నాయనా? కూడు చల్లారిపోయింది గదా!"

వణికే గొంతు, మధ్యలో చిన్న దగ్గు.

పాస్టరుగారు ప్రొజెక్టరు ఇచ్చారు. చర్చి హాల్లో తెల్ల దుప్పటి కట్టి సాయంత్రం పెద్దవాళ్లకు చూపించాం. ముసలమ్మ మాట్లాడగానే ఆ అమ్మాయి తల్లి లేచి నిలబడింది.

"ఇది మా అమ్మ గొంతండి," అంది నాతో. "పోయినేడు ప్రభువు దగ్గరికి పోయింది. ఇంకోసారి పెడతారా మేడంగారూ?"

ఆమె అడిగినన్నిసార్లూ పెట్టాను. కూతురు తెర వైపు చూడలేదు. తల్లి చెయ్యి పట్టుకుని ఆమె ముఖంలోకే చూస్తూ కూర్చుంది.

సెలవులయ్యాక ఆ కుటుంబం తిరిగి రాలేదు. పని వెతుక్కుంటూ బాపట్ల వైపు వెళ్లారన్నారు పక్కింటివాళ్లు. సినిమా పంపుదామంటే వాళ్ల ఫోన్ నంబరు పనిచేయలేదు. బాపట్ల వెళ్లినప్పుడల్లా అక్కడి టీచర్లను అడిగాను. ఎవరికీ తెలియదు.

ఇప్పుడు తెనాలిలో పనిచేస్తున్నాను. క్లాసు గోడకు పెద్ద టచ్ ప్యానెల్ ఉంది. వేలు తాకిస్తే నదులు పారతాయి. పిల్లలకు అదంటే ఇష్టం, నాకూ మేలే. అయినా మట్టి ఆరని ఆ చేతుల మీదికి మనసు పోతుంది. స్టేషన్లో రేపల్లె రైలో బాపట్ల రైలో ఆగినప్పుడు, కాలేజీ బ్యాగులతో దిగే ఆడపిల్లల ముఖాల్లో ఆ అమ్మాయిని వెతుకుతాను. ఆమె ఈపాటికి ఇంటర్ చదువుతుండాలి. చదువుతూ ఉంటే బాగుండును.