తాత పేరున్న ఓడ

మా ముత్తాత సిరిసిల్ల పక్క ఊళ్లో చేతి మగ్గం నేసేవాడు. ఆయన నేసిన పంచె కట్టకుండా ఆ చుట్టుపక్కల ఏ పెళ్లికొడుకూ పీటల మీద కూర్చునేవాడు కాదని మా ఇంట్లో చెప్పుకునేవాళ్లు. మా తాత భివండీ వచ్చి శాంతి నగర్‌లో మర మగ్గాలు పెట్టాడు. వాటిని మేం సాంచెలు అంటాం. ఆయన కార్ఖానాలో నలభై ఎనిమిది సాంచెలుండేవి. బతకడానికి ఊరి నుంచి వచ్చిన ప్రతివాడూ బస్సు దిగి ముందు మా గడపలోనే సంచి దించేవాడు. మనవాళ్ల తగాదాలు మా వరండాలో తెగేవి. తాత మాట పూర్తయ్యాకే లోపలి నుంచి చాయ్ వచ్చేది. వినాయకుడికి మొదటి హారతి ఆయన చేతిమీదుగానే జరిగేది.

నేను ఆయన మనవణ్ని. మాన్కోలిలో ఒక గోదాములో సరుకు దించేవాళ్ల మీద పర్యవేక్షకుణ్ని. వరాలా తలావ్ దగ్గర రెండు గదుల ఇంట్లో ఉంటాను. ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, నేను రాయబోయేది ఒక వీడియో గేమ్ సంగతి. దాన్ని పనిలేనివాడి కాలక్షేపం అనుకుంటే నాకు నచ్చదు.

ఆట అంతరిక్షంలో జరుగుతుంది. కొందరు ఆటగాళ్లు కలిసి ఒక కూటమి కడతారు, నక్షత్రాల మధ్య కొంత మేర తమదిగా పట్టుకుంటారు, పక్క కూటములతో పోరాడతారు. మా కూటమిలో భివండీ, సూరత్, సోలాపూర్‌లలో స్థిరపడిన మన తెలుగువాళ్లే ఉన్నారు, అందరూ సాంచెల ఇళ్లలో పుట్టినవాళ్లే. మా మేరలోకి శత్రువు రావాలంటే ఒకటే ద్వారం. ఆ ద్వారం కాపలా మొదటి నుంచీ నాది. వేరే చోట్ల నన్ను ఎవరూ ఏదీ కాపాడమని అడగడం లేదు, కాబట్టి ఆ కాపలా నాకు చిన్న విషయం కాదు.

ఆ ద్వారం దగ్గర వరుసగా మూడు పోరాటాలు ఓడిపోయాను.

కూటమి పెద్ద సూరత్‌లో ఉంటాడు. వయసులో నాకంటే చిన్నవాడు. వాళ్ల నాన్న మా తాత దగ్గర సాంచెలు నడిపాడు. మూడో ఓటమి తర్వాత అతను ఫోన్ చేశాడు. మామూలుగా నన్ను అన్నా అంటాడు, కోపం వస్తే సేఠ్ అంటాడు. ఆ రోజు రెండూ అన్నాడు.

"అన్నా, నీ దళంల అన్నీ ఏనుగులే. ఏనుగును గుమ్మానికి కట్టేసి, దోమలను తోలమంటే ఎట్ల తోల్తది సేఠ్?"

తర్వాత అసలు మాట చెప్పాడు. వచ్చే సెలవు రోజు మధ్యాహ్నం శత్రువులు మళ్లీ వస్తారు. ఈసారి కూడా ద్వారం పోతే కాపలా వేరొకరికి ఇవ్వాలి. అందరూ అదే అంటున్నారట. తను ఆపలేనన్నాడు.

"ఇయ్యాల్సిన అక్కర రాదు తమ్మీ," అని ఫోన్ పెట్టేశాను.

నా దళం సంగతి చెప్పాలి. ఆ ఆటలో ఒక్కో ఆటగాడికి నూరు పాళ్ల బలమే అనుమతిస్తారు. ప్రతి ఓడా దాని పరిమాణాన్ని బట్టి అందులో కొన్ని పాళ్లు తింటుంది. నా పెద్ద ఓడ ఒక్కటే నలభై పాళ్లు. దానికి మా తాత పేరు పెట్టాను. ఏడాది పాటు లోహం కూడబెట్టి కట్టిన ఓడ అది. మా కూటమిలో అంతటిది ఇంకొకటి లేదు. దాని పక్కన పాతికేసి పాళ్ల యుద్ధనౌకలు రెండు. మిగిలిన పది పాళ్లలో మందుగుండూ ఇంధనమూ మోసే సరఫరా ఓడ ఒకటి.

ఓడిన మూడు పోరాటాలనూ మళ్లీ వేసుకుని చూశాను. ఆటలో ఆ వీలుంది. మూడింట్లోనూ తాత ఓడ మీద ఒక్క గీత కూడా పడలేదు. అప్పటిదాకా అది నాకు గొప్పగా అనిపించేది. ఇంకోసారి చూస్తే అసలు సంగతి తెలిసింది. శత్రువుల చిన్న పడవలు పెద్ద ఓడల జోలికి పోవడమే లేదు. సందుల్లోంచి దూరి ముందు సరఫరా ఓడను ముంచుతున్నాయి. ఆ తర్వాత నా పెద్ద ఓడలు ఉన్న గుండ్లు కాల్చేసి ఊరికే నిలబడుతున్నాయి. వాటిని ముంచాల్సిన అవసరం కూడా లేక శత్రువులు పక్క నుంచి ద్వారం దాటి వెళ్లిపోతున్నారు.

అలా నిలబడటం నేను చిన్నప్పుడు చూశాను. సాంచె నడవాలంటే అటూ ఇటూ పరిగెత్తే నాడెలో నూలు చుట్టిన కండె ఉండాలి. కండె అయిపోతే ఎంత మంచి సాంచె అయినా ఇనుప ముక్కే. మా కార్ఖానాలో కండెలు చుట్టే ఆడవాళ్ల పని అంతా నాయనమ్మ చూసుకునేది. తాత కొత్త సాంచెలు తెచ్చిన ప్రతిసారీ ఆమె మొహం మీదే అడిగేది. "సాంచెలు తెస్తనే ఉంటివి. కండెలు సుట్టేటోళ్లేరి? వాటి నోట్ల ఏం పెడ్తవు, విభూతా?" తాత నవ్వేవాడు కాదు. కానీ మర్నాడు ఇద్దరు కొత్త ఆడవాళ్లు పనిలోకి వచ్చేవాళ్లు.

ఓడలనూ ఆమె లెక్క పెట్టినట్టే లెక్కపెట్టాలని నిర్ణయించుకున్నాను. ఏది పెద్దది అని కాదు, ఏది ముందు ఆగిపోతుంది అని.

ఆటలో ఉత్తుత్తి పోరాటాలు పెట్టుకుని చూడవచ్చు. గోదాము నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, ప్రతి సాయంత్రం అవే ఆడాను. మొదట పాతిక పాళ్ల ఓడల్లో ఒకదాన్ని తీసేసి చిన్న కాపలా పడవలు పెట్టాను. పడవలు సరఫరాను కాపాడాయి, కానీ ద్వారం దగ్గర గట్టిగా కొట్టే ఓడ చాలలేదు. తర్వాత రెండింటినీ తీసేసి తాత ఓడ చుట్టూ పడవలూ సరఫరా ఓడలూ నింపాను. తాత ఓడ ఒక్కటే మూడు ఓడల తిండి తింది. సరఫరా ఓడలు తెచ్చింది తెచ్చినట్టే అయిపోయింది. కాపలా పడవలు మరీ ఎక్కువ పెట్టిన రోజు వాటికి చాలినంత ఇంధనం లేక అవే ఆగాయి.

నా భార్య వంటింట్లోంచి ఇదంతా వింటూనే ఉంది. ఇంట్లో గ్యాసు అయిపోయిందని నిన్నటి నుంచి చెబుతుంటే, పైన చుక్కలకు మాత్రం ఇంధనం పంపుతున్నానని దెప్పింది. మర్నాడు పొద్దున్నే సిలిండర్ తెచ్చాను. సాయంత్రం మళ్లీ కూర్చున్నాను.

ఎన్ని రకాలుగా సర్దినా లెక్క ఒక్క చోటికే వచ్చింది. నలభై పాళ్లు ఖాళీ కావాలి. ఓడను పక్కన పెట్టుకుందామంటే ఆట ఒప్పుకోదు, చేతిలో ఉన్నంతకాలం అది పాళ్లు తింటూనే ఉంటుంది. ముక్కలు చేయాలి, లేదా అమ్మాలి.

కూటమి పెద్దకు ఫోన్ చేశాను. ముక్కలు చేస్తే లోహం ఈ రోజే చేతికి వస్తుందనీ, దాంతో కావలసిన పడవలు కట్టుకోవచ్చనీ చెప్పాడు. తెలివైన సలహానే. కానీ మా నాన్న రోజుల్లో కార్ఖానా మూతపడ్డప్పుడు సాంచెలు కొనడానికి వచ్చినవాళ్లు తరాజు తెచ్చారు. పోత ఇనుము సమ్మెట దెబ్బకు పగులుతుంది. నలభై ఎనిమిదీ పగిలి తూకానికి పోయాయి. చివరి ముక్క బండి ఎక్కేదాకా నేను గుమ్మంలో నిలబడే ఉన్నాను, కూర్చోలేదు.

"ముక్కలైతే చెయ్యను," అన్నాను. "నడిచేదాన్ని నడిచేటట్లే ఇస్త. కొనేటోడుంటే చెప్పు."

అటు వైపు సూరత్ సాంచెల చప్పుడు వినిపిస్తోంది. ఆ చప్పుడు మీదుగా అన్నాడు, "నేనే తీసుకుంట అన్నా. బదులు రెండు సరఫరా ఓడలు, నాలుగు కాపలా పడవలు. అన్నీ కొత్తయే. నడుస్తదా?"

సరఫరా ఓడకు పదేసి, పడవకు ఐదేసి, మొత్తం నలభై పాళ్లు. నాకు కావలసిన లెక్క సరిగ్గా అదే. నడుస్తుందన్నాను. అతను ఇంకా పెట్టేయలేదు.

"పేరు మార్చుకోవచ్చునా?"

"కొన్నోడివి నువ్వు. నన్ను అడుగుడేంది?"

సెలవు రోజు మధ్యాహ్నం సాంచెలన్నీ ఆగి మా వీధి కూడా నిశ్శబ్దంగా ఉంది. వాళ్లు వచ్చారు. ఎప్పటిలాగే చిన్న పడవలు సరఫరా కోసం దూరాయి. ఈసారి సరఫరా ఓడలు మూడు, మూడు చోట్ల ఉన్నాయి. కాపలా పడవలు ఎదురెళ్లాయి. ఒక సరఫరా ఓడ మునిగింది. రెండు మిగిలాయి.

నేను తెర కంటే చప్పుడునే ఎక్కువ పట్టించుకున్నాను. సాంచెల ఇంట్లో పెరిగినవాడి చెవి చప్పుడును వినదు, చప్పుడు ఎక్కడ తెగిందో దాన్ని వింటుంది. నలభై ఎనిమిదింటిలో ఒకటి ఆగితే తాత పడుకున్నచోటి నుంచే అది ఏ వరుసలోదో చెప్పేవాడు. ఎడమ వైపు యుద్ధనౌక ఫిరంగి ఒక దెబ్బ ఆలస్యంగా మోగింది. గుండ్లు తగ్గాయని తెరమీద ఇంకా పడకముందే సరఫరాను అటు పంపాను. ఆ తర్వాత కుడి వైపుకు. మళ్లీ ఎడమకు. కుడి వైపు ఓడ చివరికి మునిగిపోయింది. ఎడమ వైపుది సగం కాలిపోయి కూడా కాలుస్తూనే ఉంది. చీకటి పడకముందే వాళ్లు వెనక్కి తిరిగారు.

"ద్వారం నీదే అన్నా," అన్నాడు కూటమి పెద్ద. ఈసారి సేఠ్ అనలేదు. నేనూ గొప్పలు పోలేదు. కుడి వైపు ఓడ మళ్లీ కట్టడానికి ఎన్ని రోజులు పడుతుందో చెప్పి, అంతవరకూ రెండు కాపలా పడవలు అదనంగా ఇమ్మన్నాను. ఇచ్చాడు.

ఆ సాయంత్రం కూటమి ఓడల జాబితా తెరిచాను. నలభై పాళ్ల ఓడ అతని దళంలో ముందు వరుసలో ఉంది. దాని మీద ఇప్పుడు వాళ్ల నాన్న పేరుంది. పక్కన కూర్చుని ఉల్లిగడ్డలు తరుగుతున్న నా భార్య ఆ పేరు చదివి, మన పెండ్లిల వడ్డించింది ఈయనే గదా అంది. అవునన్నాను.

ద్వారం కాపలా ఇప్పటికీ నాదే. దాని కోసం అమ్మింది ఒకే ఓడ, మా తాత పేరున్నది. నడుస్తుండగానే అమ్మాను, తూకానికి కాదు.