కదలని ఇంజనుకి కిలోమీటర్లు

"పదిహేను వేల కిలోమీటర్లా? ఎటెళ్ళొచ్చిందండీ ఇది, కాశీకా?"

మెకానిక్కు ఏలీయా అడిగింది హనుమంతరావుని. ఆయన చేపల చెరువుకి నీళ్ళు తోడే డీజిలింజను మండవల్లిలో ఏలీయా రేకుల షెడ్డు కింద కూర్చుని ఉంది. పొద్దున టకటకా కొట్టుకుని ఆగిపోయింది. చెరువులో నీరు తగ్గి చేపలు పైకొచ్చి మూతులు తెరుస్తున్నాయి. సాయంత్రంలోగా ఇది తిరగకపోతే ఈ ఏటి సరుకంతా తెల్లగా తేలుతుంది.

"డబ్బా మీద అలాగే ఉంది ఏలీయా," అన్నాడు హనుమంతరావు. "సింథటిక్కు ఆయిలు. పదిహేను వేల దాకా మార్చక్కర్లేదంట. రెండేళ్ళ కిందట పోయించా."

"గట్టు మీద బోల్టులేసి బిగించిన ఇంజనండీ. అంగుళం కదల్లేదు. ఆ లెక్కన మీ మునిమనవలు కూడా మార్చక్కర్లేదు."

"అమ్మినాయనైనా చెప్పొద్దూ?"

అమ్మిన దుర్గేష్ అక్కడే ఉన్నాడు. తాడేపల్లిగూడెంలో వాళ్ళది ఆయిల్ కొట్టు. నెలకోసారి డబ్బాలు దించడానికి వచ్చి, ఏలీయా మాటలు వింటూ పూటంతా ఉండిపోతాడు. 'ఇది పోశాక ఇంజన్ని మర్చిపోవచ్చండీ' అన్నది తనే. ఇప్పుడు పైనున్న రేకుల్ని శ్రద్ధగా పరిశీలించసాగాడు.

ఏలీయా ఏడో తరగతితో బడి మానేసి, కొల్లేటి పడవలకి మోటార్లు బిగించే మేనమామ దగ్గర చేరాడు. ముప్పయ్యేళ్ళ నుంచీ ఏ ఇంజను పుస్తకం దొరికినా బైబిలు పక్కనే పెట్టుకుంటాడు. ఇంజను పుస్తకాలే ఎక్కువ నలిగాయని పాస్టరుగారి అనుమానం. ఆయన బండి చెడినప్పుడు కూడా ఏలీయా మొహమాటపడలేదు. "అభిషేక తైలం పైన రాస్తే చాలదండీ, కింద బోల్టు విప్పి పాతాయిలు దించాలి," అన్నాడు.

ఇప్పుడీ ఇంజనుకీ అదే బోల్టు విప్పాడు. ఆయిలు కారలేదు. చింతపండు గుజ్జులా ముద్దగా జారింది.

"సింథటిక్కు మంచిదేనండీ. వేడికి తొందరగా చెడదు. కారుకి పోయించుకోండి, నేను వద్దంటానా? కానీ ఎంత ఖరీదైందైనా మసి పోయి చేరేది దాన్లోనే కదా. ఈ ఇంజను పుస్తకంలో కిలోమీటర్లు లేవు, గంటలున్నాయి. రెండొందల యాభై గంటలకోసారి మామూలాయిలు మార్చినా వందేళ్ళుంటుంది."

హనుమంతరావు వేళ్ళమీద లెక్కపెట్టడం మొదలెట్టి, మధ్యలో మానేశాడు.

బేరింగు అరిగిపోయింది గానీ షాఫ్టుకి గీత పడలేదు. షెడ్డులో ఉన్న బేరింగే సరిపోయింది. లోపలంతా డీజిలుతో కడిగి, మామూలాయిలు పోసి, మూడు గంటలకి హేండిలు తిప్పారు. ఇంజను దగ్గి, దగ్గి, అందుకుంది. హనుమంతరావు దాన్ని ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని, టీ కూడా తాగకుండా చెరువుకి పరిగెత్తాడు.

దుర్గేష్ కూడా లేచాడు.

"ఒక్క పని చేసిపెట్టండి," అన్నాడు ఏలీయా చేతులు తుడుచుకుంటూ. "ఇకనుంచి చెరువుల మీదనుంచి ఎవరొచ్చి ఆయిలడిగినా, రోజుకి ఎన్ని గంటలు తిప్పుతారని అడిగాకే డబ్బా తియ్యండి. ఎందుకని అడిగితే జరిగింది చెప్పండి. హనుమంతరావుగారి పేరు మాత్రం ఎత్తకండేం."