గొంతు తగ్గించే మనిషి

స్టేడియం పైకప్పు పూర్తి కావస్తున్నకొద్దీ మా కార్మికుల క్యాంపులో ఒకటే గుబులు: ఎవరిని తిరిగి స్వదేశానికి పంపుతారు? అప్పుడు నేను కంపెనీ పికప్ నడిపేవాడిని. పొద్దున్నే అల్ హిలాల్ అనే పేటలో సేఫ్టీ ఇన్‌స్పెక్టర్‌నూ, తర్వాత క్యాంపులో పరంజా కట్టించే స్కఫోల్డింగ్ ఫోర్‌మన్‌నూ ఎక్కించుకోవాలి. ఇన్‌స్పెక్టర్‌ది ఆస్ట్రియా. ఫోర్‌మన్ జగిత్యాల వైపు అన్న. నాది కడప.

ఇన్‌స్పెక్టర్ దారి పొడవునా ఫోన్‌లో ఏదో భాషలో నవ్వుతూ మాట్లాడేవాడు. అన్న తలుపు తీయగానే ఆయన గొంతు తగ్గిపోయేది.

“నా ముచ్చటే తమ్మీ,” అన్నాడు అన్న, ఆయన దిగిపోయాక. “మొన్న సేఫ్టీ బెల్టు హుక్కు పెట్టకుండ పైకెక్కిన. చూసిండు. బిడ్డ నర్సింగ్‌ల చేరింది, ఇప్పుడు ఎగ్జిట్ కొట్టి ఇంటికి తోలితే ఎట్ల?”

“ఆ భాష నీకొచ్చునా అన్నా?”

“రాదు. కానీ నా దిక్కు చూసిండు.”

“తలుపు తీస్తే చూడకుండా, గాలొచ్చిందనుకుంటాడా?”

అన్న నవ్వలేదు. నన్ను గూఢచారిగా పెట్టుకున్నాడు. జీతం, రోజుకో చిక్కటి కరక్ చాయ్.

గూఢచర్యం నాకు చేతకాదు. ఇన్‌స్పెక్టర్‌నే నేరుగా అడిగేశాను. ఫోన్‌లో అవతల ఉండేది వాళ్ళమ్మట. వాళ్ళ ఊరు స్లొవేనియా సరిహద్దులో ఉందట. దేశం ఆస్ట్రియా, ఇంట్లో మాట స్లొవేన్. చిన్నప్పుడు రొట్టెల కొట్లో ఎవరైనా అడుగుపెడితే అమ్మ ఆయన చెయ్యి నొక్కేదట, మెల్లగా మాట్లాడమని. వచ్చినవాళ్ళలో ఆ భాషను ఈసడించేది ఎవరో, ఊరికే చూసేది ఎవరో తెలియదు కాబట్టి అందరికీ భయపడ్డారు. ఇక్కడ ఎవరికీ ఆ భాష రాదని తెలిసినా, తలుపు చప్పుడైతే గొంతు దానంతటదే దిగిపోతుందట.

చెప్పడం ముగించి, ఆయనే అనుమానంగా అడిగాడు: మీ ఫోర్‌మన్ నన్ను చూసి ఏదో గొణుగుతాడు, నా గురించేనా?

“మోకాళ్ళ నొప్పి సార్,” అన్నాను. రెండు వైపులా పనిచేసే గూఢచారికి ఆ మాత్రం అబద్ధం తప్పదు.

అన్నకు ఇదంతా చెప్పాను. “రోజూ అమ్మతోటా? గంత ముచ్చట ఏముంటది?” అన్నాడు, జేబులో వదిన చేసిన ఫోన్ మోగుతుండగా.

అనుమానం పోలేదు; దాంతోనే హుక్కు విషయంలో మాత్రం మనిషి మారాడు. ఇన్‌స్పెక్టర్ దూరంగా కనిపించినా చాలు, తన హుక్కూ కింది వాళ్ళ హుక్కులూ లాగి లాగి చూసేవాడు. స్టేడియం పని ముగిసింది. చాలామందిని పంపేశారు, అన్నను ఉంచారు. ఇంత జాగ్రత్త గల ఫోర్‌మన్ కొత్త సైటుకు కావాలని ఇన్‌స్పెక్టరే అడిగాడట.

“మంచిగ చెప్పిండా? నా గురించి?” అన్నాడు అన్న. “ఎందుకు చెప్పిండు? ఏదో ఉన్నది తమ్మీ.”

మర్నాడు అన్న వదినతో ఫోన్‌లో మాట్లాడుతూ తలుపు తీశాడు. ఇన్‌స్పెక్టర్ గొంతు తగ్గించాడు. ఆయన్ను చూసి అన్న ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నేను రేడియో గొంతు పెంచాను.