అటూ ఇటూ తేలని సీటు

2019 వేసవి. వేలూరులో ఒక ప్రైవేటు కళాశాలకు అడ్మిషన్ల సాఫ్ట్‌వేర్ నడిపే చిన్న కంపెనీలో నేను సర్వర్ అడ్మినిస్ట్రేటర్‌ని. కాట్పాడి రోడ్డులో ఒక మేడ మీద మా ఆఫీసు. అక్కడ చల్లగా ఉండే హక్కు సర్వర్లకే, మనుషులకు ఫ్యాను గాలే.

మా అప్లికేషన్ రెండు సర్వర్ల మీద నడిచేది. రెండూ కలిసి ఒకే పని చేస్తాయి కాబట్టి ఆ జట్టును క్లస్టర్ అంటారు. ఒకటి పడిపోతే, కొత్తగా వచ్చేవాళ్లను రెండోది చూసుకుంటుంది. పడిపోయినదాని చేతిలో సగంలో ఉన్న పని సంగతేమిటి? ఈ ప్రశ్న నేను ఆ రోజుదాకా సరిగా వేసుకోలేదు.

ఒక విద్యార్థి సీటు వదులుకుంటే సీట్ల డేటాబేస్‌లోనూ హాస్టల్ డేటాబేస్‌లోనూ మార్పు జరగాలి. జరిగితే రెండూ జరగాలి, లేకపోతే రెండూ జరగకూడదు. ఈ జంట పనినే ట్రాన్సాక్షన్ అంటాం. సర్వర్ ముందు రెండింటినీ సిద్ధమేనా అని అడుగుతుంది. రెండూ సిద్ధమంటే, కానివ్వమన్న తన నిర్ణయాన్ని ట్రాన్సాక్షన్ లాగ్ అనే ఫైల్లో రాసుకుని, ఆ తరువాతే వాటికి చెబుతుంది. మధ్యలో పడిపోయినా, లేచాక ఆ లాగ్ చూసుకుని ఆగినవాటిని ఒక కొలిక్కి తెస్తుంది.

ఆ ఉదయం ఒకటో సర్వర్ పడిపోయింది. ఎంత లేపినా లేవదు. కళాశాల నుంచి ఒకటే ఫోన్లు. సీటు ఖాయం చేసుకోవడానికైనా వదులుకోవడానికైనా ఆ సాయంత్రం ఐదింటితో గడువు సరి. ఆ తరువాత ఖాళీ సీట్లు వెయిటింగ్ లిస్టులోని వాళ్లకు వెళ్లిపోతాయి. మా వృత్తిలో ఒక పాడు అలవాటుంది: సర్వర్ మొండికేస్తే దాని లాగ్ ఫోల్డర్ తుడిచేసి మళ్లీ మొదలుపెట్టడం. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ నేనూ అదే చేశాను. సర్వర్ బుద్ధిగా లేచింది. ఘనకార్యం చేసినట్టు నేను టీ తాగడానికి వెళ్లాను.

తిరిగొచ్చి చూస్తే ఐదు ట్రాన్సాక్షన్లు వేలాడుతున్నాయి. రెండు డేటాబేసులూ సిద్ధమని చెప్పేసి, ఆ ఐదుగురి వివరాలకు తాళం వేసుకుని, సర్వర్ మాట కోసం కూర్చున్నాయి. చెప్పాల్సిన సర్వర్‌కు ఏమీ గుర్తులేదు. గుర్తు చేయాల్సిన లాగ్‌ను తుడిచేసింది నేనే. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

మా మేనేజర్ సెల్వం గారు, ఆధారం లేకపోతే రోల్‌బ్యాక్ చేయడమే పద్ధతి కదా, చేసెయ్ అన్నారు. రోల్‌బ్యాక్ అంటే ఆ పని అసలు మొదలే కానట్టు వెనక్కు తీసుకోవడం. పద్ధతి నిజంగా అదే. అయినా ఐదుగురినీ ఒక మాట అడిగి చేస్తానన్నాను. నలుగురు ఫోన్లోనే తేలిపోయారు. వాళ్లు సీటు ఖాయం చేసుకుంటున్నవాళ్లు, వాళ్లవి రోల్‌బ్యాక్ చేసి, మళ్లీ బటన్ నొక్కమన్నాను. ఐదో అమ్మాయి మాత్రం ముందే ఖాయం చేసుకున్న సీటు వదులుకుంటోంది. పేరు రేవతి, బీఎస్సీ నర్సింగ్, ఊరు గుడియాత్తం. ఫోన్ స్విచాఫ్.

రోల్‌బ్యాక్ చేస్తే సీటు ఆమె పేరిటే ఉంటుంది, కానీ పోయిందనుకుని ఆమె రాదు. వెయిటింగ్ లిస్టులో ముందున్న పిల్లకూ దక్కదు. కానిచ్చేస్తే, ఈలోగా ఆమె మనసు మార్చుకుని ఉన్నా సీటు నిజంగానే పోతుంది. తుడిచింది నేను కాబట్టి తేల్చాల్సిందీ నేనే అనిపించింది. సెల్వం గారికి చెప్పి గుడియాత్తం బస్సెక్కాను.

లుంగీలు నేసే మగ్గాల వీధి వెనక రెండు గదుల ఇల్లు. మంచం మీద రేవతి తండ్రి మునిరత్నం. ఆయన కట్టడం పనిలో మేస్త్రి. మూడు వారాల కిందట పరంజా మీదనుంచి పడి తుంటి ఎముక విరిగింది. తల్లి అగ్గిపెట్టెల కంపెనీలో పనికి పోయి ఉంది. రేవతి అన్నం వండుతోంది. నేను తమిళంలో మొదలుపెట్టాను. ఆయన కూతురితో తెలుగులో ఏదో అనడం విని నేనూ తెలుగులోకి మారాను. మనోళ్లేనా, కూర్చోమ్మా అన్నారు.

కూర్చున్నదాన్ని ఊరుకోకుండా రెండో తప్పు చేశాను. సీటు వదులుకునే బటన్ నొక్కినావు కదా, అది సగంలో ఆగిపోయిందని ఆ పిల్లతో అనేశాను. ఆ సంగతి తండ్రికి తెలియదని నాకేం తెలుసు?

"సీటు వద్దంటివా?" అని అడిగారాయన.

రేవతి పొయ్యి వైపే చూస్తూ చెప్పింది. "ఆంబూరులో షూ కంపెనీలో పనుండాదంట నాయనా. సోమవారం నుంచి రమ్మన్నారు."

ముందురోజు పోయి పని మాట్లాడుకుని వచ్చిందట. పొద్దున బ్రౌజింగ్ సెంటర్లో బటన్ నొక్కితే స్క్రీన్ మీద చక్రం తిరిగి తిరిగి ఆగిపోయిందట. అయిపోయిందనుకుని వచ్చేసింది. కాలేజీవాళ్లు తండ్రికి చెప్పేస్తారేమోనని ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్నూ ఆపేసి పెట్టింది.

"అయితే సీటు ఇప్పుడు యాడ ఉండాదమ్మా?" అని ఆయన నన్నడిగారు.

"అటూ కాలేదన్నా, ఇటూ కాలేదు. సర్వర్ చెప్పేలోగా పడిపోయింది. అది రాసి పెట్టుకున్నదాన్ని నేను తుడిచేసినా."

ఆయనకు నవ్వొచ్చింది. నొప్పెట్టి ఆపుకున్నారు. "మా పనిలో సగం గోడ మీద మేస్త్రి దిగిపోతే, వరస తిన్నగా రావాలని కట్టిన నూలు విప్పరమ్మా. ఆ నూలు చూసే ఇంకొకడు పై వరస పెడతాడు. నువ్వు నూలు విప్పేసినావు."

పదకొండేళ్ల ఉద్యోగంలో నన్ను ఎవరూ ఇంత మెత్తగా తిట్టలేదు.

ఆయన కూతురి వైపు తిరిగారు. "పడింది నేను. నా పని నువ్వెత్తుకుంటే, నీ పని ఎవురెత్తుకుంటారు?"

ఇల్లు తానూ భార్యా ఎట్లో నెట్టుకొస్తామని, తాను లేచి నిలబడేనాటికి ఆమె రెండో ఏడు చదువుతూ ఉండాలని ఆయన నెమ్మదిగా చెప్పుకుంటూ పోయారు. గంట మూడు దాటింది. చివరికి నేనే రేవతితో, మీ నాయన కాదు, నేనూ కాదు, నువ్వు చెప్పు, ఏది చెబితే అదే చేస్తా అన్నాను. ఆ పిల్ల చున్నీతో మొహం తుడుచుకుంది.

"సీటు ఉండనీ అక్కా," అంది.

నా కళ్లు నిండాయి, దాచుకోలేదు. అక్కడినుంచే ఆఫీసుకు ఫోన్ చేసి రోల్‌బ్యాక్ చేయించాను. రెండు డేటాబేసుల్లోనూ తాళాలు ఊడాయి. ఈ గొడవలో అన్నం మరీ మెత్తబడిపోయింది. ముగ్గురం అదే తిన్నాం.

ఆ వారమే కాన్ఫిగరేషన్ మార్చాను. లాగ్‌లను ఏ సర్వర్ సొంత డిస్కులోనూ ఉంచకుండా, రెండూ చదవగలిగే ఉమ్మడి చోట పెట్టాను. ఒకటి పడిపోతే రెండోది దాని లాగ్ తెరిచి, సగంలో ఆగినవాటిని తేల్చేలా ఆటోమేటిక్ రికవరీ పెట్టాను. పడిపోయింది మధ్యలో లేచొచ్చి అదే లాగ్ మీద చేయి వేయకుండా అడ్డు పెట్టాను. కావాలని సర్వర్‌ను మళ్లీ మళ్లీ పడగొట్టి చూశాక గానీ నాకు నిద్ర పట్టలేదు. కొత్తగా చేరేవాళ్లకు ఈ పాఠం మునిరత్నం గారి మాటల్లోనే చెబుతుంటాను.

రికవరీ అంటే సర్వర్‌ను లేపడమని అంతవరకూ అనుకునేదాన్ని. దాని మాట కోసం ఆగి ఉన్న మనిషికి సంగతి చేరడం కూడా అందులో భాగమని ఆ కేసు నేర్పింది. ఆ రోజు బస్సెక్కకుండా, పద్ధతి ప్రకారం కూర్చున్నచోటే రోల్‌బ్యాక్ చేసి ఉన్నా మా సిస్టంలో ఫలితం ఇదే. సీటు రేవతి పేరిటే ఉండేది. అది తెలియక ఆ పిల్ల సోమవారం పొద్దున ఆంబూరు బస్సెక్కేది. మా స్క్రీన్ల మీద మాత్రం అన్నీ పచ్చగానే ఉండేవి.