వాది, ప్రతివాది, మా రెండు గదుల వాటా

పెళ్ళయ్యాక అయిదేళ్ళు కోనసీమ పల్లెలో, అత్తారింట్లో, పదిహేను మంది మధ్య కాపురం చేశాను. మా ఆయనకి రాజమండ్రి కోర్టులో నకళ్ళు రాసే గుమాస్తా పని వచ్చిందని కబురొచ్చిన రోజున ఊరంతా ఆయన్ని మెచ్చుకుంది. నేను మాత్రం లోపల్లోపల వేరే సంగతికి సంబరపడ్డాను. ఇక ఇద్దరికే వంట! ఓ చిన్న గిన్నెడు అన్నం, ఇంత చారు. పొయ్యి ఆర్పేసి కాళ్ళు చాపుకుని కూర్చోవచ్చు. అప్పటికి నాకు పందొమ్మిదేళ్ళు. లోకం తెలీదు.

రెండు రోజులు కాలవ మీద పడవలో వచ్చి దిగాం. పొడుగాటి పెంకుటింటిని నాలుగు ముక్కలు చేసి అద్దెలకిచ్చారు. అందులో మాది చివరి వాటా. రెండు గదులు, వెనక వంటపాక, ముందు అరుగు. నూతి దగ్గర నలుగురు ఆడవాళ్ళం చేరితే చేద కంటే ముందు నోళ్ళు దిగేవి.

నాలుగో రోజున మొదటి చుట్టం దిగాడు. దస్తావేజు నకలు కావాలన్నాడు. అతను వెళ్ళకముందే కంటి మందు కోసం ఒకరు, కొడుకుని బళ్ళో వెయ్యడానికి ఇంకొకరు. ఆ రోజుల్లో గోదావరి మీద రైలు వంతెన కడుతున్నారు. అది చూసిపోదామని వచ్చిన మా ఊరి పురోహితుడుగారు తొమ్మిది రోజులు చూశారు. ఆఖరి రోజున, "స్తంభం ఇంకా పూర్తి కాలేదమ్మా" అని దిగులుపడ్డారు, పూర్తయ్యేదాకా ఉండమంటానేమోనని నా వంక ఆశగా చూస్తూ.

వీళ్ళందరినీ మరపించినవారు మా ఆయనకి పినతండ్రుల వరసయ్యే అన్నదమ్ములు. నాకు పెద్దమావయ్యగారు, చిన్నమావయ్యగారు. ఇద్దరికీ యాభై దాటాయి. ఇద్దరి పొలాల మధ్యా ఓ గట్టు ఉంది, మూరెడు వెడల్పు. కాలవ రాకముందు ఆ గట్టు ఎవరిదని అడిగినవాడు లేడు. నీళ్ళొచ్చి చేను పండటం మొదలయ్యాక గట్టుకీ విలువొచ్చింది. పెద్దాయన నాదన్నారు, చిన్నాయన నాదన్నారు, చివరికి దావా రాజమండ్రి దాకా వచ్చింది.

దావా వేసిన అన్నగారూ, వేయించుకున్న తమ్ముడుగారూ ఒకే పడవలో వచ్చారు. ఒకరు ఈ కొసన, ఒకరు ఆ కొసన కూర్చున్నారట. ఒకరి తరవాత ఒకరు మా అరుగెక్కారు.

"ఇద్దరినీ ఎలా ఉంచుకుంటామండీ?" అన్నాను మా ఆయనతో, వంటపాకలో, గొంతు తగ్గించి.

"వాదీ మనవాడే, ప్రతివాదీ మనవాడే. ఎవర్ని పొమ్మంటాం?"

"వంటమనిషి కూడా మనదేగా, అందుకని ఉంచేద్దాం" అన్నాను. ఆయనకి నా మాట అర్థమైందో లేదో గాని, హాయిగా తలూపారు.

వాళ్ళిద్దరికీ మాటల్లేవు. ఒకే వరసలో పీటలు, జానెడు దూరంలో విస్తళ్ళు, మధ్యలో రాయబారిని నేను.

"అమ్మాయ్, ఆ పెద్దమనిషిని మజ్జిగ ఇటు జరపమని చెప్పు" అనేవారు చిన్నాయన. మజ్జిగ గిన్నె ఆయన మోచేతికి తగులుతూనే ఉండేది.

"అందుతుంది, చెయ్యి చాపుకోమని చెప్పమ్మా" అనేవారు పెద్దాయన.

కోర్టుకి ఒకే వీధిన వెళ్ళేవారు, ఈయన ఈ పక్కన, ఆయన ఆ పక్కన. సాయంత్రం ఇద్దరూ ఒకే మాట పట్టుకొచ్చేవారు: వాయిదా పడింది. వాయిదా రెండు నెలలకి. ఇంతలోకి ఊరెళ్ళి రావడం ఎందుకని పెద్దాయన ఉండిపోయారు. అన్నగారు ఇక్కడుండి ఏం మంతనాలు చేస్తారోనని చిన్నాయనా ఉండిపోయారు. అలా ఏడాదిన్నర గడిచింది. పొలాలు రెండూ ఒకే రైతుకి కౌలుకిచ్చారు. ఆ సంగతిలో మాత్రం ఇద్దరికీ తగువు లేదు.

ఒక నెల నేను బయట చేరాను. పల్లెలో అయితే ఆ మూడు రోజులూ అత్తగారు వండేవారు. ఇక్కడ పక్కవాటా ముసలమ్మగారు ఆదుకునేవారు. ఆవిడేమో సరిగ్గా అప్పుడే భీమేశ్వరస్వామి దర్శనానికి ద్రాక్షారామం వెళ్ళారు. మా ఆయనకి పొయ్యి అంటించడం కూడా రాదు. ముగ్గురు మగవాళ్ళూ వంటపాక గుమ్మంలో నిలబడి, లోపల ఏదో పాము ఉన్నట్టు తొంగిచూశారు. నేను పెరటి కొసన చాప మీద కూర్చుని నవ్వాపుకుంటున్నాను.

చివరికి పెద్దాయన ఉత్తరీయం నడుముకి బిగించి లోపలికెళ్ళారు. సంతర్పణల్లో గుండిగలు దింపిన చెయ్యి ఆయనది. ఆ పప్పు పోపు వాసన పెరడు దాటి వీధిలోకి వెళ్ళింది. అన్నగారికి పేరొస్తుంటే చిన్నాయన ఊరుకుంటారా? రోలు ముందు కూర్చుని గోంగూర పచ్చడి నూరారు.

"అమ్మాయ్, పప్పులో ఉప్పు చాల్లేదని చెప్పు" అన్నారు చిన్నాయన.

"చెప్పడానికి నేను అటు రాకూడదు మావయ్యగారూ" అన్నాను.

గోడ వంక చూస్తూ ఆయనే అన్నారు: "ఉప్పు చాల్లేదు."

"పచ్చట్లో ఎక్కువైంది. రెండూ కలుపుకుని తిను" అన్నారు పెద్దాయన. ఏడాదిన్నరలో వాళ్ళు సూటిగా అనుకున్న మొదటి మాటలవే.

ఎదర వాటాలో బడిపంతులు పనికి చదువుకునే కుర్రాళ్ళిద్దరుండేవారు. పాపం, సొంతంగా వండుకుని రోజూ మాడు తినేవారు. రెండో రోజున గిన్నె పట్టుకుని వచ్చి, "కాస్త పచ్చడి ఉందాండీ?" అన్నారు. మూడో రోజున విస్తళ్ళే తెచ్చుకున్నారు. నాకు అప్పుడు తట్టింది. నాలుగో రోజున తలంటుకుని లోపలికొచ్చి, "వంట మీరే చెయ్యండి మావయ్యగారూ, నాకింకా నీరసంగా ఉంది" అన్నాను. ఆ నీరసం నాకు మళ్ళీ తగ్గలేదు.

నెల తిరిగేసరికి మధ్యాహ్నం పదిమంది, రెణ్ణెల్లకి పాతికమంది. వాయిదాలకి వచ్చినవాళ్ళు, ప్లీడర్ల గుమాస్తాలు, వంతెన దగ్గర లెక్కలు రాసేవాళ్ళు. ముసలమ్మగారు కొడుకు దగ్గరికి వెళ్ళిపోయి పక్కవాటా ఖాళీ అయితే అన్నదమ్ములే పుచ్చుకున్నారు.

"భూవసతి ఉన్నవాళ్ళు పూటకూళ్ళిల్లు పెడతారా? నా పరువేంగాను!" అని మా ఆయన గోలపెట్టారు.

"పూటకూళ్ళేంట్రా! వచ్చేవాళ్ళు మాకు అతిథులు. వెళ్తూ వాళ్ళు ఏదో ఇస్తారు, మేం కాదనలేం" అన్నారు పెద్దాయన. మా ఆయన కూడా మర్నాటినుంచి అక్కడే భోంచేశారు.

మూడో ఏడు కోర్టువారు గట్టు కొలిచి రమ్మని అమీన్ని పంపారు. అతను కొలత గొలుసు పట్టుకుని చేలో సాయంత్రం దాకా తిరిగి, గట్టు కనిపించలేదని రాసుకొచ్చాడు. మర్నాడు కౌలురైతు భయపడుతూ మా అరుగు ముందు నిలబడ్డాడు.

"గట్టేదిరా?" అన్నారు అన్నదమ్ములిద్దరూ ఒక్క గొంతుతో.

"దున్నేశానండి. నీళ్ళకి అడ్డంగా ఉందండి. తమరిద్దరూ ఇక్కడే ఉండిపోయారు కదా, ఇంకా అది ఎవరి కోసమండి?"

పెద్దాయన అట్లకాడ పట్టుకుని లేచారు. ఆయన వెనకే చిన్నాయనా లేచారు. లోపల విస్తళ్ళ ముందు కూర్చున్నవాళ్ళు మాత్రం "పప్పు! పప్పు!" అని కేకలేస్తున్నారు. ముందు వడ్డన చూడాలి కదా. వడ్డన అయ్యేసరికి కోపం సగం చల్లారింది. రైతుకి అరుగు మీద విస్తరి వేసి పెట్టారు. వాడు కడుపునిండా తిని, "మా రెండోవాడికి వంతెన పనిలో ఏమన్నా దొరుకుద్దాండి?" అని అడిగి వెళ్ళాడు.

ఆ వారంలో ఇద్దరూ రాజీ కాగితం దాఖలు చేశారు. మా ఆయనే దానికి నకలు రాశారు. మూడేళ్ళలో అంత సంతోషంగా ఆయన రాసిన కాగితం ఇంకోటి లేదు.

ఇన్నాళ్ళయినా మొగుళ్ళు తిరిగిరాలేదని మావయ్యగార్ల భార్యలిద్దరూ పడవెక్కి వచ్చారు. వాళ్ళు దిగేసరికి భోజనాల వేళ. పెద్దత్తగారు కాళ్ళు కడుక్కుని ఓ విస్తరి ముందు కూర్చున్నారు. పెద్దాయన తనే పప్పు వడ్డించి, ఎలా ఉందో చెబుతుందని పక్కనే నిలబడ్డారు. ఆవిడ రెండు ముద్దలు నెమ్మదిగా తిన్నారు.

"ముప్ఫయ్యేళ్ళు నా వంటకి వంకలు పెట్టారు" అన్నారు. "ఇంత బాగా వండటం వచ్చుండీ ఒక్క పూట నన్ను కూర్చోబెట్టారా?"

పాతికమంది తినడం ఆపి ఆయన వంక చూశారు. పెద్దాయన గరిటె పప్పులో ముంచి, "ఇంకాస్త వెయ్యనా?" అన్నారు.

"వెయ్యండి" అన్నారు ఆవిడ.