బతికుండగానే చందనం దండ

మనిషికి కుర్రతనం ఒక్కసారే వస్తుందని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. నాకు రెండోసారి కూడా వచ్చింది. తిరుత్తణిలో చీరల కొట్టు కొడుకులకు అప్పజెప్పి, ఎవరి దగ్గరా నేర్చుకోకుండా కంప్యూటరు ముందు కూర్చున్న ఆ రోజుల్లో, తల నెరిసినా పనిలో మాత్రం నేను మీసం రాని కుర్రవాణ్ణే. నాకు ఒకటే పిచ్చి. వెనకటికి గాజుపలక మీద మందు పూసి ఫోటోలు తీసేవారే, అలాంటివి కంప్యూటరులో పుట్టించాలి. ఆ గోధుమరంగు, అంచుల్లో మసక, మూలన వెండి మరక, పలక పగిలిన గీత, అన్నీ ఉండాలి. బొమ్మలో ఉన్నది మాత్రం లోకంలో ఎన్నడూ జరగనిదై ఉండాలి. కొండ కింద సముద్రం, మబ్బుల్లో మగ్గం, అలాగన్నమాట. "ఉన్న ఫోటోను పాడుచేసేదానికి ఇంత కరెంటా?" అనేది నా భార్య. పళ్ళిపట్టులో ఉండే ఆమె అన్న, అంటే మా బావ, "ఏం బావా, ఇంకా బొమ్మలాటేనా?" అని పదిమందిలో అడిగేవాడు. (బియ్యం మండీ నడిపేవాళ్ళకు కళ అంటే కేలండరు.)

ఆ బావ ఇంటి హాల్లో పెద్దల ఫోటోలు వరసగా ఉంటాయి. మొదటి చోటు మాత్రం ఖాళీ. అది బావ తాతది. ఎద్దులబండి మీద బట్టలు తిప్పి అమ్మి వంశాన్ని నిలబెట్టిన ఆయన, ఫోటో తీస్తే ఆయుస్సు తరుగుతుందని కెమెరా ముందు నిలబడనేలేదట. ఆయన ఎద్దుల కాళ్ళు నేలకు తగిలేవి కావని వాళ్ళింట్లో గొప్పగా చెప్పుకుంటారు. ఆ గొప్పనే నేను పట్టుకున్నాను. తిరుత్తణి కొండ పైన మబ్బులు, మబ్బుల మీద బండి, బండిలో తలపాగాతో తాత. మొహం ఎవరిది పెట్టాలి? నాదే పెట్టి, మౌసుతో ముడతలు గీసి, మీసం పెంచాను. ఈ దెబ్బతో బావ నోరు మూతపడాలి, అంతే.

ప్రింటుకు తిరువళ్ళూరు పోతే అక్కడి ల్యాబు యజమాని, "అయ్యా, ఫోటో రొంబ డేమేజీ అయిపోయుండె. గీతలన్నీ తుడిచి కలరు కూడా కొట్టినా" అని పెళ్ళికొడుకులాంటి తాతను నా చేతిలో పెట్టాడు. "యోవ్, ఆ గీతల కోసమే కదయ్యా నేను కళ్ళు పోగొట్టుకున్నది!" అని నేను అరిచిన అరుపుకు పక్క టీకొట్టు వాళ్ళు లేచి వచ్చారు. నా పగుళ్ళతోనే మళ్ళీ ప్రింటు వేసిచ్చాడు గానీ, ఇచ్చేటప్పుడు పిచ్చివాణ్ణి చూసినట్టు అతను చూసిన చూపు ఇప్పటికీ మరవను.

తాత తద్దినం నాడు బొమ్మను పళ్ళిపట్టు తీసుకుపోయాను. "ఇది కల్పన బావా, నేను చేసింది" అని స్పష్టంగా చెప్పాను. వినే ఓపిక ఎవరికి? ఆ ఇంట్లో తాతను కళ్ళారా చూసినది ఆయన కోడలు, మా అత్తగారొక్కరే. ఆవిడ కళ్ళజోడు సర్దుకొని చూసి, "అయ్యో, మా మామే! కోపమొస్తే ముక్కు ఇట్లే ఎగబట్టేవాడు" అని కొంగు కళ్ళకద్దుకుంది. "బండి మబ్బుల్లో ఉండాది కదమ్మా" అని బావ నసిగితే, "దుమ్మురా అది! ఎద్దులు పరిగెత్తితే దుమ్ము లేయదా?" అంది. క్షణాల్లో బొట్టు, చందనం దండ, దీపం. నాది బొమ్మలాట అన్న బావ నేల మీద సాగిలపడ్డాడు. నా మొహానికి! (వెనక నిలబడి దీవించాను కూడా.)

అప్పుడే నా భార్య చెవిలో గొణిగింది. "ఏమయ్యా, ఆ ముక్కు నీది కదా? బతికున్న మనిషికి దండేసినారే!" మా వైపు ఫోటోకు చందనం దండ పడిందంటే ఆ మనిషి లేడనే లెక్క. ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు. వెంటనే అన్నతో చెప్పేసింది. "నీకా నేను మొక్కినది!" అని బావ ఎగిరాడు. "మొదటే చెప్తిని కదా!" అని నేనూ ఎగిరాను. బావ బొమ్మను దించబోతే అత్తగారు, "ఎవుర్రా తాతను దించేది?" అని అడ్డం పడింది. ఏదో సర్దిచెప్పి తీసుకువచ్చి, కొన్నాళ్ళకు మొహం మార్చి ఇచ్చాను. ఆవిడ చూసి, "ఎవుడీ దొంగమొహమోడు? మా మామ యాడ పోయినాడు?" అని అన్నం ముట్టలేదు. (ఆ మారిన మొహం బావది.) చివరికి పాత బొమ్మే గోడెక్కింది. అయితే నా భార్య ఊరుకోలేదు. దండ తీయించి, ఫ్రేముకు దిష్టి నిమ్మకాయా పచ్చిమిరపకాయలూ కట్టింది. "పోయినవాళ్ళకు దిష్టి తగల్దు కదా! ఇప్పుడు నువ్వు ఉండేవాడివే" అని కళ్ళు తుడుచుకుంది.

అత్తగారు ఇప్పుడు లేరు. ఆ వరసలోనే ఆవిడ ఫోటోకు దండ ఉంది, నాకు నిమ్మకాయ ఉంది. మొన్న పోయినప్పుడు కాసేపు దాని ముందు నిలబడ్డాను. అప్పుడు నేను గీసిన ముడతలన్నీ ఇప్పుడు నా మొహంలో ఎక్కడివక్కడ దిగాయి. కంటి కింద ఒక్కటి మాత్రం కొంచెం పక్కకు పడింది.

"ఏం బావా, మా తాతను అట్ల చూస్తా ఉండావు?" అన్నాడు బావ, వెనకనుంచి.

"ఒక గీత తప్పు గీసినాను బావా" అన్నాను. "అప్పటికి నేనింకా కుర్రవాణ్ణి కదా!"