మిషను ఆగిపోయేదాకా

మొన్న పొద్దున మా కోడలు హాల్లో కూర్చుని ఆఫీసు పని చేసుకుంటూ చేసుకుంటూ రెండు చేతులూ నెత్తి మీద పెట్టుకుంది. ఏమైందమ్మా అని అడిగితే, ప్రోగ్రాము రాసుకునే ఎడిటర్ మళ్లీ బిగుసుకుపోయిందని, పొద్దటి నుంచి ఇది నాలుగోసారని చెప్పింది. చేతిలోని బియ్యం చాట పక్కన పెట్టి వెళ్లి చూశాను. తెర నిండా రంగురంగుల అక్షరాలు, ఏ మీట నొక్కినా ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఆ పిల్ల దాన్ని మూసి తెరిచి, ఎడిటర్‌కు తగిలించుకున్న అదనపు హంగులను ఒక్కొక్కటే తీసేస్తూ, తీసిన ప్రతిసారీ కాసేపు పని చేయించి చూస్తూ, పావుగంటలో దొంగను పట్టేసింది. ఈ పద్ధతి నాకు తెలుసే అన్నాను. నవ్వింది. అత్తగారికి కంది పచ్చడి తప్ప ఇంకోటి తెలుసంటే ఈ కాలం కోడళ్లు నమ్మరు. ఆ మాటకొస్తే ఏ కాలం కోడళ్లూ నమ్మలేదు.

మన ఈడు వాళ్లు మాత్రం నమ్ముతారు. ఎనభై ఏడో ఎనభై ఎనిమిదో, కంప్యూటర్ అనే వస్తువును చూడటానికి మనుషులు చెప్పులు విప్పి లోపలికి వచ్చే రోజులవి. హన్మకొండ చౌరస్తాకు కొంచెం ఇవతల, ఒక మేడ మీద రెండు గదులు తీసుకుని మా సారు కంప్యూటర్ సెంటర్ పెట్టాడు. గోడకు ఏసీ, కిటికీలకు మందపాటి పరదాలు, మధ్యలో బల్ల మీద ఒకే ఒక్క మిషను. పొద్దున్నే దానికి అగరుబత్తి తిప్పేవాడు, కానీ పొగ తగలకూడదని వాకిట్లోనే నిలబడి తిప్పేవాడు. ఆయనకు లోకంలో ఉన్న ఒకే ఒక శత్రువు దుమ్ము. కింద అరుగు ఊడ్చే చప్పుడు వినిపించినా లోపలి నుంచి అరిచేవాడు. బీఎస్సీ లెక్కలు చదివి, టైపు హయ్యర్ పాసై, హైదరాబాదులో మేనమామ ఇంట్లో ఉండి ఆర్నెల్లు ప్రోగ్రాములు రాయడం నేర్చుకుని వచ్చిన నన్ను ఆయన పనిలో పెట్టుకున్నాడు.

మట్టెవాడలో మాది బట్టల దుకాణం. మా వాళ్లలో అప్పటిదాకా ఆడపిల్ల గడప దాటి ఉద్యోగానికి పోయింది లేదు. బాపు వద్దని అనలేదు, సరేనని కూడా అనలేదు. నాతో మాట్లాడటం మానేశాడు. ఏది చెప్పాలన్నా అమ్మతోనే. నేను ఎదురుగా కూర్చుని అన్నం తింటుంటే, ఆర్నెల్లు చూస్తానని దానికి చెప్పు, అందులో నౌకరీ పక్కా కాకపోతే బుద్ధిగా ఇంట్లో కూర్చోమని చెప్పు, అని అమ్మతో అన్నాడు. అమ్మ నా వైపు తిరిగి చెప్పబోయి, విన్నావు కదా అని ఊరుకుంది. అట్లా ఐదు నెలలు గడిచాయి. తిట్టినా బాగుండేది అనిపించేది నాకు. బస్సులో ఆ చివరి నుంచి ఈ చివరిదాకా ఏడ్చిన రోజులు కూడా ఉన్నాయి, ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేముంది.

ఐదో నెలలో ఒక రోజు అమ్మ నా చేతికి టేపు ఇచ్చి, మిషను పొడుగూ వెడల్పూ ఎత్తూ కొలిచి కాగితం మీద రాసుకురమ్మంది. ఎందుకో చెప్పలేదు. వారం తర్వాత నా మంచం మీద ఒక మూట ఉంది. విప్పితే మెరూన్ రంగు మఖ్మల్ గుడ్డతో కుట్టిన గలీబు, మిషను మొత్తం కప్పే తొడుగు. లోపల రెక్సిన్ అస్తరు, అంచుకు బంగారు రంగు లేసు. మా దుకాణం అరుగు మీద కూర్చుని కుట్టే దర్జీ మామ పనితనం అది, కానీ ఆలోచన మొత్తం బాపుది. తెర ముందు భాగంలో తలుపు పరదా లాగా పైకి చుట్టి కట్టుకోవడానికి నాడాలు పెట్టించాడు, పని చేసుకునేటప్పుడు కూడా గలీబు తీయనక్కర లేకుండా. దుమ్ము వెనక నుంచే వస్తుందట, తీయొద్దని దానికి చెప్పు అన్నాడట అమ్మతో. సారు దుమ్ము గోల నేను అమ్మ దగ్గర చెప్పుకున్నదంతా ఆయన పక్క గదిలోంచి విన్నాడన్నమాట. ఐదు నెలల్లో బాపు నాతో మాట్లాడిన మాట ఆ గలీబు. దాన్ని ఒళ్లో పెట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో.

సారు కూడా మురిసిపోయాడు. మిషనుకు పెళ్లికూతురి కళ వచ్చిందన్నాడు. ఆ వారమే మాకు మొదటి పెద్ద పని దొరికింది. వర్ధన్నపేట, ధర్మసాగర్ వైపు ఊళ్లలో పిల్లలకు టీకాలు వేసే ఒక ప్రైవేటు దవాఖాన వాళ్లకు, ఏ ఊళ్లో ఏ పిల్లలకు ఏ టీకా ఎప్పుడు వేయాలో ఊరి వారీగా అచ్చు వేసి ఇచ్చే ప్రోగ్రాము కావాలి. నెల రోజులు గడువు. అది అయితే నా నౌకరీ పక్కా చేస్తానని సారు మాట ఇచ్చాడు.

అప్పటి ఎడిటర్ అంటే ఈనాటి హంగులు ఊహించుకోకండి. నల్లని తెర, ఆకుపచ్చ అక్షరాలు. ప్రోగ్రాములో ఒక్కో వరుసా టైపు చేసుకుంటూ, తప్పులు దిద్దుకుంటూ పోయే పలక అది. మూడో రోజో నాలుగో రోజో, రాస్తుండగా అది ఆగిపోయింది. తెర మీద గీత మాత్రం టకటకా కొట్టుకుంటోంది, ఏ మీట నొక్కినా అక్షరం పడదు. ఆపి మళ్లీ వేయడమే దారి, ఫ్లాపీలోకి ఎక్కించని వరుసలన్నీ పోయినట్టే. మర్నాడు రెండుసార్లు ఆగింది. ఆ వారాంతానికి రోజుకు నాలుగైదుసార్లు.

మేం పడని అనుమానం లేదు. మొదట ఫ్లాపీ మార్చాం. తర్వాత ఎడిటర్‌నే కొత్తగా కాపీ చేసుకున్నాం. టైపు మిషను మీద పడ్డ చేయి కదా, మీటలు దంచినట్టు కొడుతున్నానని సారు అన్నాడు. రెండు రోజులు పూలు కోస్తున్నట్టు కొట్టాను, అయినా ఆగింది. నేను నోటు పుస్తకంలో ఆగిన ప్రతిసారీ టైము రాసుకోవడం మొదలుపెట్టాను. పొద్దున వేసిన గంటకో గంటంబావుకో మొదటిసారి ఆగేది, వెంటనే ఆపి వేస్తే పది నిమిషాలకే మళ్లీ ఆగేది, కరెంటు పోయి అరగంట తర్వాత వస్తే మాత్రం బుద్ధిగా నడిచేది. దాన్నిబట్టి తప్పు కరెంటుదేనని ఇద్దరం తీర్మానించుకుని పెద్ద స్టెబిలైజర్ తెప్పించాం. వేడి అనే మాట ఇద్దరికీ తట్టలేదు. స్వెటరేసుకుని కూర్చునే గదిలో వేడి ఎవరికి తడుతుంది చెప్పండి.

చివరికి హైదరాబాదు నుంచి ఇంజనీరు వచ్చాడు. వస్తూనే గలీబు తీసి కుర్చీలో పడేసి, పెట్టె విప్పి, తుడిచి, బిగించి, మూడు గంటలు నడిపి చూశాడు. ఒక్కసారి ఆగితే ఒట్టు. మిషనులో ఏ దోషమూ లేదు, రాసే మనిషిని మార్చి చూడండని సారు చెవిలో నాకు వినపడేట్టే చెప్పి సాయంత్రం బండికి వెళ్లిపోయాడు. నేను గలీబు భద్రంగా మళ్లీ కప్పాను. మర్నాడు పదకొండింటికి ఆగింది. సారు కోప్పడలేదు, దానికే ఎక్కువ భయమేసింది. ఇంకో పది రోజులు చూద్దామమ్మా, తర్వాత ఈ పని వరకు హైదరాబాదు నుంచి ఎవరినైనా పిలుస్తానన్నాడు. పిలిస్తే నేను ఇంట్లో కూర్చోవడమేనని ఆయనకు తెలియదు.

రెండు రోజుల తర్వాత సారు చాయ్ ఒలికి గలీబు మీద పడింది. ఇంటికి తీసుకుపోతే అమ్మ ఉతికి నీడలో ఆరేసింది. మఖ్మల్ కదా, ఆరడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ మిషను పొద్దున పదింటి నుంచి సాయంత్రం దాకా ఒక్కసారి ఆగలేదు. నోటు పుస్తకంలో ఆ రెండు పేజీలూ ఖాళీ. ఆ ఖాళీ చూసి నాకు సంతోషం కలగాలి, కానీ ఇంట్లో ఆరుతున్న గలీబే గుర్తొచ్చింది. మూడో రోజు గలీబు వేసి చూశాను, ఆగింది. తీసి చూశాను, నడిచింది. మళ్లీ వేసి, ఈసారి ఆగకుండా ఉంటే బాగుండునని కోరుకుంటూ కూర్చున్నాను. ఆగింది. వెనక గాలి పోయే కంతలన్నీ రెక్సిన్ అస్తరు కింద మూసుకుపోయి, ఏసీ గదిలో మిషను ఒక్కటీ ఉడికిపోతోంది.

అప్పటి నుంచి నేను ఒక చిన్న మోసం మొదలుపెట్టాను. పొద్దున రాగానే గలీబు తీసి మడత పెట్టి స్టూలు మీద ఉంచడం, సాయంత్రం వెళ్లేముందు కప్పడం. ఇంట్లో చెప్పలేదు. చెప్పడమెట్లా? దుకాణానికి వచ్చిన ప్రతి గిరాకీకీ బాపు ఆ గలీబు సంగతి చెబుతున్నాడని అమ్మ చెప్పింది. ఐదు నెలల అలక తర్వాత ఆయన చాచిన చెయ్యి అది, దాన్నే తప్పని ఏ నోటితో చెప్పను? ప్రోగ్రాము మాత్రం చకచకా సాగింది.

దుకాణం బంద్ ఉన్న ఒక మధ్యాహ్నం, సారు భోజనానికి వెళ్లిన సమయంలో, తలుపు తోసుకుని బాపు వచ్చాడు. చెప్పులు బయట విప్పి, భుజం మీద తువ్వాల సర్దుకుంటూ, ముందుగా మిషను వైపు చూశాడు. బోసిగా ఉంది. తర్వాత స్టూలు మీది మడత చూశాడు. ఆయన మొహం చిన్నబోవడం నేను చూశాను. ఉతకడానికి తీశానని నాలుక చివరిదాకా వచ్చింది. ఎందుకో అబద్ధం ఆడబుద్ధి కాలేదు. అది కప్పితే గంటకల్లా మిషను ఆగిపోతోంది బాపూ అని చెప్పేశాను.

ఆయన స్టూలు మీది మడత అందుకుని నా చేతికిచ్చాడు.

“చూపియ్యి,” అన్నాడు.

అమ్మ లేకుండా, నా వైపు చూసి, నాతోనే అన్న మాట. ఏ బట్ట తాన్నయినా తన వేళ్లతో నలిపి చూడందే కొనని మనిషి, ఒకరు చెప్పింది ఎందుకు నమ్ముతాడు? గలీబు వేసి, నాడాలు కట్టి, మిషను నడిపాను. గంట పడుతుందన్నాను.

“పడనియ్యి. నాకేం పనున్నది,” అని కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నాడు.

ఊరికే కూర్చుంటే ఎట్లాగని ఎడిటర్ తెరిచాను. ఇది ఏం రాస్తదని అడిగితే, ఏది చెబితే అది రాస్తుందన్నాను. బాపు చదివింది ఉర్దూ మీడియం. ఇంగ్లీషు అక్షరాలు తెలియవు. తన పేరు రాయమన్నాడు. రాశాను. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి ఇదేంది, ఇదేందని అడిగి, తన పేరులో ఒకే అక్షరం రెండుసార్లు రావడం కనిపెట్టి చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. ఇక బట్టల పేర్లు చెప్పడం మొదలుపెట్టాడు: పాప్లిన్, వాయిల్, లాంగ్‌క్లాత్, శాటిన్. నేను రాస్తూ పోయాను. మధ్యమధ్య ఒక్కో బట్ట గురించి ఒక్కో ముచ్చట. తాత చేతికింద దుకాణంలో కూర్చున్న మొదటి రోజు కత్తెర వంకరపోయి ఎన్ని చీవాట్లు తిన్నాడో, నాకు అప్పటిదాకా తెలియనే తెలియదు. ఇంట్లో ఆయన ముచ్చట్లు చెప్పే మనిషి కాదు. సాయంత్రం బస్సులో నీకు సీటు దొరుకుతదా అని అడిగాడు. సన్నబడ్డవు, టిఫిన్ డబ్బా పూర్తిగా తింటున్నవా అని అడిగాడు.

గోడ గడియారం వైపు చూస్తే ముప్పావుగంట దాటింది. మూడు వారాలుగా ఆ మిషను ఆగొద్దని నేను మొక్కని దేవుడు లేడు, అంతా భయంతో. ఆ మధ్యాహ్నం కూడా ఆగొద్దనే మొక్కుకున్నాను, భయంతో మాత్రం కాదు. అది ఆగితే బాపు లేచి వెళ్లిపోతాడు.

మల్‌మల్ అన్నాడు బాపు. మల్ దగ్గర ఆగిపోయింది. ఇంకో మీట నొక్కాను, ఇంకోటి నొక్కాను. ఆయన నా మొహం చూసి అర్థం చేసుకుని, లేచి వెనక్కి వెళ్లి, గలీబు కింద నుంచి చెయ్యి పెట్టి చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. మళ్లీ పెట్టి, జ్వరం చూసినట్టు కాసేపు అట్లాగే ఉంచాడు. తర్వాత నాడాలు తనే విప్పాడు.

“కప్పి పెడితెనే పైలంగ ఉంటదనుకున్న బిడ్డా,” అన్నాడు మెల్లగా. “దానికీ గాలి కావాలెనని నాకు తెల్వకపాయె.”

నేను ఏడ్చాను. బాపు ఏడ్చాడో లేదో చెప్పలేను, కిటికీ పరదా బట్ట ఎంతకు కొన్నారో చూస్తున్నట్టు అటు తిరిగి నిలబడ్డాడు. పోయేముందు, రాత్రి మిషను చల్లబడ్డాకే గలీబు కప్పమని, పొద్దున మరవకుండా తీయమని చెప్పాడు. నాకే చెప్పాడు. ఆర్నెల్ల గడువు సంగతి మా ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు. గడువులోపే ప్రోగ్రాము పూర్తయింది, నౌకరీ పక్కా అయింది. ముప్పై ఏళ్లకు పైగా చేసి దిగాను.

బాపు పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు ఏ మిషను ఆగినా ఎందుకు ఆగిందో తనే చెబుతుంది, చెప్పకపోతే ఫోనులో ఎక్కడి నుంచో ఎవరో చెబుతారు. ఎవరి మిషను ముందు వాళ్లు ఒంటరిగా కూర్చుని, ఎవరిది వాళ్లు బాగు చేసుకుంటున్నారు. పక్కన కుర్చీ వేసుకుని గంటసేపు కనిపెట్టుకుని కూర్చునే మనిషితో పని లేకుండా పోయింది. సుఖమే, కాదనను. బాపు ఆ తర్వాత నాతో రోజూ మాట్లాడాడు, పైలంగ పోయిరమ్మని రోజూ చెప్పాడు, ఆయన దుకాణం ఆయనది, నా పని నాది. కానీ ఇద్దరం పక్కపక్కన అంతసేపు కూర్చున్నది మాత్రం ఆ ఒక్కసారే. ఎన్నోసార్లు అనుకున్నాను, మళ్లీ ఒకసారి అట్లా కూర్చుంటే బాగుండునని. సాకు దొరకలేదు. ఆ తర్వాత మిషను ఎప్పుడూ ఆగలేదు మరి.